స్లైడ్లు అడిగి తీసుకోండి

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది తెనాలి. మా నాన్నగారికి 68 ఏళ్ళు. ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు. షుగర్ ఉంది, మాత్రలతో అదుపులోనే ఉంటోంది. రాత్రిళ్ళు మూడు నాలుగుసార్లు మూత్రానికి లేస్తున్నారని ఏడాదిన్నర కిందట ఇక్కడి డాక్టరు ఏదో ప్రొస్టేట్ మాత్ర రాశారు, అదే వాడుతున్నారు. ఈమధ్య పీఎస్‌ఏ అనే ప్రొస్టేట్ రక్తపరీక్ష చేయిస్తే 7.2 వచ్చింది. ఎమ్మారైలో అనుమానం ఉందన్నారు. బయాప్సీలో 12 ముక్కలు తీస్తే నాలుగింటిలో క్యాన్సర్ ఉందని, గ్లీసన్ 3+4=7 అని రాశారు. బోన్ స్కాన్‌లో ఏమీ లేదు. విజయవాడలో ఒక పెద్దాసుపత్రిలో యూరాలజిస్టు గారు రోబోతో ప్రొస్టేట్ తీసేద్దామన్నారు. వచ్చే గురువారానికి డేట్ ఇచ్చారు, అడ్వాన్స్ కూడా కట్టేశాం. డల్లాస్‌లో ఉండే మా అన్నయ్యేమో ఆపరేషన్ వద్దు, ఇక్కడ ఐదు సిట్టింగుల రేడియేషన్‌తో అయిపోతోంది అంటున్నాడు. మా మేనమామ ఏదో పసరు మందు గురించి చెబుతున్నాడు. సెకండ్ ఒపీనియన్ తీసుకుందామంటే ఇప్పుడు చూస్తున్న డాక్టరు గారికి కోపం వస్తుందేమో, ఈలోగా జబ్బు ముదిరిపోతుందేమో అని టెన్షన్‌గా ఉంది. నాన్నకు క్యాన్సర్ అని ఇంకా చెప్పలేదు, గడ్డ అని చెప్పాం. "మీరెలా అంటే అలాగే" అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీరు నేరుగా అడిగినవి రెండు: డాక్టరుకు కోపం వస్తుందా, జబ్బు ముదురుతుందా అని. కానీ ఉత్తరం చదువుతుంటే నా కన్ను ఇంకో రెండు చోట్ల ఆగిపోయింది. ఏడాదిన్నరగా వాడుతున్న ఆ ప్రొస్టేట్ మాత్ర ఒకటి. నాన్నకు చెప్పిన "గడ్డ" ఇంకొకటి. వాటి దగ్గరకు వస్తాను. ముందు గురువారం సంగతి చూద్దాం.

రిపోర్టులు మీరు రాసినట్టే ఉంటే, గురువారం దాటినంత మాత్రాన కొంప మునిగిపోదు. ఇలాంటప్పుడు ఇంట్లో ఒకరు "ఆలస్యం అమృతం విషం" అంటారు, ఇంకొకరు "నిదానమే ప్రధానం" అంటారు. రెండూ మన సామెతలే. ఈ జబ్బులో, ఈ దశలో మాత్రం రెండోదే పనికొస్తుంది. ప్రొస్టేట్ అంటే మగవాళ్ళకు మూత్రాశయం కింద ఉండే చిన్న గ్రంథి. ఆ గ్రంథి లోపలే ఉన్న ఇలాంటి క్యాన్సర్ సాధారణంగా నెమ్మదిగా, ఏళ్ళ మీద పెరుగుతుంది. పైగా సూదులు గుచ్చిన వాపు తగ్గాలని, లోపల కట్టిన రక్తం కరగాలని బయాప్సీ తర్వాత సర్జన్లే మామూలుగా ఓ ఆరు వారాలు ఆగుతారు. మీకు బయాప్సీ ఎప్పుడైందో రాయలేదు. మూడు వారాలే అయ్యుంటే మీకు కావలసిన టైము ఎలాగూ ఉన్నట్టే.

ఆగకూడని వాళ్ళు వేరే ఉంటారు. నడుము నొప్పితో పాటు కాళ్ళు పట్టు తప్పుతున్నా, మూత్రం పూర్తిగా ఆగిపోయినా, పీఎస్‌ఏ వందల్లో ఉండి ఎముకలు నొప్పి పుడుతున్నా ఎవరి ఒపీనియన్ కోసమూ చూడకూడదు, ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మీ నాన్నగారికి అవేవీ ఉన్నట్టు మీరు రాయలేదు.

ఇక కోపం. నేను ముప్ఫై ఏళ్ళు పాథాలజీలో పనిచేశాను. అంటే మీ నాన్నగారి లాంటి వాళ్ళ ముక్కలను మైక్రోస్కోపు కింద చూసి రిపోర్టు రాసేవాణ్ణి. ఒకసారి నేను 3+4 అని రాసిన స్లైడ్లను పేషెంటు కొడుకు ముంబై తీసుకెళ్ళాడు. అక్కడ 4+3 అన్నారు, అంటే జబ్బు ఇంకాస్త గట్టిదని. ఈ అంకెల లెక్క కింద చెబుతాను. ఆ కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు, పాపం మర్యాదగానే. నాకు కోపం వచ్చింది. ఆ మధ్యాహ్నం అన్నం కూడా సరిగా సయించలేదు. సాయంత్రం ల్యాబు ఖాళీ అయ్యాక ఆ స్లైడ్లు మళ్ళీ పెట్టుకుని కూర్చున్నాను. నాలుగో రకం సగానికి కాస్త అటూ ఇటూగా ఉంది. నేను ఇటు చూశాను, వాళ్ళు అటు చూశారు. నిదానంగా రెండోసారి చూస్తే నాకూ వాళ్ళదే సరి అనిపించింది. రిపోర్టు మార్చి సంతకం పెట్టాను. కాబట్టి కోపం రాదని మీకు అబద్ధం చెప్పను. వస్తే ఒక పూట వస్తుంది, పోతుంది. అంతకంటే ఎక్కువ రోజులు కోపం పెట్టుకునే డాక్టరైతే ఆ సంగతి ఆపరేషన్‌కు ముందే తెలియడం మంచిది కదా.

సెకండ్ ఒపీనియన్ అనేది మన దేశంలో రోగి హక్కుల్లో ఒకటి. జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారు చేసిన రోగుల హక్కుల పత్రంలో అది ఉంది. రోగి రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనలు చెబుతున్నాయి. ఇవి తెలిసి ఉండటం మంచిదే, కానీ చేతిలో పట్టుకుని వెళ్ళకండి. హక్కులు మాట్లాడుతూ లోపలికి వెళితే అవతలివాళ్ళు రూల్స్ మాట్లాడతారు, పని జరగదు. "సార్, మా అన్నయ్య అమెరికా నుంచి ఒకటే గోల. ఇంకొకరికి కూడా చూపించమంటున్నాడు. డేట్ ఓ మూడు వారాలు జరపండి. ఈలోగా స్లైడ్లు, బ్లాకులు, ఎమ్మారై సీడీ ఇప్పించండి" అనండి. దూరాన ఉన్న అన్నయ్యలు ఇలాంటప్పుడు బాగా ఉపయోగపడతారు. అడ్వాన్స్ సంగతి కూడా అప్పుడే అడిగేయండి. కట్టిన డబ్బు కోసం ఆపరేషన్ చేయించుకున్న వాళ్ళను నేను చూశాను.

సెకండ్ ఒపీనియన్ అనగానే మనవాళ్ళు ఫైలు చంకలో పెట్టుకుని ఇంకో ఊళ్ళో ఇంకో సర్జన్ దగ్గరకు వెళతారు. ఆయన పది నిమిషాలు రిపోర్టులు తిరగేసి, తీసేయాల్సిందే అంటాడు. ఇద్దరూ ఒకే మాట చెప్పారు కాబట్టి అదే సరి అనుకుని వచ్చేస్తారు. నిజానికి ఇద్దరూ చదివింది ఒకే కాగితం. ఆ కాగితంలో తప్పుంటే ఆ తప్పునే ఇద్దరూ నమ్మారు. అందుకే నా దృష్టిలో సెకండ్ ఒపీనియన్ డాక్టరు గది కన్నా ముందు మైక్రోస్కోపు దగ్గర మొదలవ్వాలి.

బయాప్సీ సూది తీసే ముక్క ఎంత ఉంటుందో తెలుసా? ఒక సేమియా ముక్కంత. ఒక మిల్లీమీటరు లావు, సెంటీమీటరో ఒకటిన్నరో పొడవు. దాన్ని మైనంలో పోసి చిన్న దిమ్మలా చేస్తాం, దాన్నే బ్లాక్ అంటారు. అందులోంచి ఉల్లిపొర కన్నా పల్చటి పొరలు కోసి, గాజుపలక మీద పరిచి, గులాబీ, ఊదా రంగులు అద్ది చూస్తాం. మామూలు ప్రొస్టేట్‌లో గ్రంథులు ముడతలు ముడతలుగా, ఒక వరసలో ఉంటాయి. క్యాన్సర్ మూడో రకమైతే చిన్న చిన్న ఉంగరాలుంటాయి, పళ్ళెంలో విడివిడిగా పేర్చిన చేగోడీల్లాగా, దేనికది వేరుగా. నాలుగో రకంలో ఆ చేగోడీలు నూనెలో ఒకదానికొకటి అతుక్కుపోయినట్టు ఉంటాయి. కొన్నిచోట్ల జల్లెడలా చిల్లులు పడి కనిపిస్తాయి. ఐదో రకంలో ఉంగరమే ఉండదు, పిండి చల్లినట్టు కణాలు చెల్లాచెదురుగా ఉంటాయి. 1960లలో డొనాల్డ్ గ్లీసన్ అనే అమెరికన్ పాథాలజిస్టు పెట్టిన లెక్క ఇది. తర్వాత చాలా మార్పులు జరిగినా మూలం అదే. ఎక్కువగా కనిపించే రకం ముందు రాస్తాం, రెండోది తర్వాత. 3+4 అంటే విడి చేగోడీలు ఎక్కువ, అతుక్కున్నవి తక్కువ. 4+3 అంటే తిరగబడిందన్నమాట. కూడితే రెండూ ఏడే, కానీ రెండూ ఒకటి కావు.

ఇది మనిషి కన్నుతో చేసే పని. ఏది విడిగా ఉంది, ఏది అతుక్కుంది అనేది కొన్నిచోట్ల స్పష్టంగా ఉంటుంది, కొన్నిచోట్ల ఉండదు. రోజూ ప్రొస్టేటే చూసే పాథాలజిస్టుకు, పొద్దున థైరాయిడ్, మధ్యాహ్నం గర్భసంచి, సాయంత్రం ప్రొస్టేట్ చూసే నాలాంటివాడికి తేడా ఉంటుంది. మీ నాన్నగారి విషయంలో స్లైడు ఏ మాట చెబుతుందన్న దాన్ని బట్టి దారులే మారిపోతాయి. తిరిగి చూసినవాళ్ళు 3+3 అంటే, వెంటనే వైద్యం ఏమీ చేయకుండా గట్టి నిఘాలో ఉంచడం, అంటే పరీక్షలు చేస్తూ కనిపెట్టి ఉండటం, ముందుకొస్తుంది. 3+4లో నాలుగో రకం నూటికి ఐదు వంతులే ఉంటే కొందరికి నిఘా గురించి మాట్లాడవచ్చు. నలభై ఉంటే, జల్లెడ రకం కనిపిస్తే ఆ మాట ఎత్తరు. 4+3 అయితే రేడియేషన్‌తో పాటు కొన్ని నెలల హార్మోన్ ఇంజెక్షన్లు కూడా లెక్కలోకి వస్తాయి. అందుకే మీ రిపోర్టులో నాలుగో రకం ఎంత శాతమో, జల్లెడ రకం ఉందో లేదో రాశారా చూడండి. రాయకపోతే, తిరిగి చూసేవాళ్ళను అది రాయమని అడగండి.

ల్యాబులో సంతకం పెట్టించుకుని స్లైడ్లు, బ్లాకులు ఇస్తారు. కొన్నిచోట్ల డిపాజిట్ అడుగుతారు, ఇవ్వండి. బ్లాకులు అన్నీ ఇవ్వడం కుదరదంటే క్యాన్సర్ ఉన్న ఆ నాలుగు ముక్కలవైనా అడగండి. కొరియర్ కన్నా చేత్తో పట్టుకెళ్ళడం మేలు. స్లైడ్లు పగలకుండా ప్లాస్టిక్ పెట్టె ఇస్తారు, దాన్ని కూడా టవల్లో చుట్టుకోండి. బ్లాకులను మాత్రం ఎండలో ఆపిన కారులో వదలకండి. మైనం కదా, మన గుంటూరు ఎండలకు కరిగినా ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు ఆ మాత్ర. రాత్రిళ్ళు మూత్రానికి లేచేవాళ్ళకు మన దగ్గర ఎక్కువగా రాసేవి రెండు రకాలు. ఒకటి టామ్సులోసిన్ లాంటిది, దారి కాస్త వదులు చేస్తుంది. రెండోది డుటాస్టెరైడ్ లేదా ఫినాస్టెరైడ్, గ్రంథినే కుదిస్తుంది. చాలామందికి రెండూ కలిపిన ఒకే మాత్ర రాస్తారు. ఈ రెండో రకం ఆరు నెలలు దాటి వాడితే పీఎస్‌ఏ దాదాపు సగానికి పడిపోతుంది. జబ్బు తగ్గి కాదు, అంకె తగ్గి. అందుకే ఆ మందు వాడేవాళ్ళ పీఎస్‌ఏను డాక్టర్లు సుమారు రెట్టింపు చేసి చదువుతారు. మీ నాన్నగారిది ఆ మాత్రే అయితే 7.2 అంటే 14 కింద లెక్క. పది లోపు 3+4కూ, పది దాటిన 3+4కూ తేడా ఉంది. మొదటిది మధ్యస్థ ప్రమాదంలో మంచి వైపు, రెండోది అంత మంచి వైపు కాదు. ఆ తేడాతో నిఘా అనే దారి దాదాపు మూసుకుపోతుంది, జబ్బు ఒంట్లో ఇంకెక్కడికైనా పాకిందేమో వెతికే పీఎస్‌ఎంఏ పెట్ స్కాన్ అవసరమా అన్న ప్రశ్న వస్తుంది, రేడియేషన్ ఎంచుకుంటే హార్మోన్ ఇంజెక్షన్ల ప్రశ్న వస్తుంది. ఆ మాత్ర సంగతి విజయవాడ డాక్టరు గారికి చెప్పారా? రిపోర్టులన్నీ ఫైలులో ఉంటాయి, మాత్రలు మాత్రం వంటింటి అలమరలో ఉండిపోతాయి. ఇది నేను లెక్కలేనన్నిసార్లు చూశాను.

స్లైడ్ల తర్వాత మనుషులు. తలుపు ఏది పెట్టించమంటావని వడ్రంగిని అడిగితే టేకు తలుపంటాడు, కమ్మరిని అడిగితే ఇనుప తలుపంటాడు. ఇద్దరూ మోసగాళ్ళు కారు, ఇద్దరూ తమ పనిని నమ్మినవాళ్ళు. 2000లో అమెరికాలో యూరాలజిస్టులను, రేడియేషన్ డాక్టర్లను అడిగి ఒక సర్వే ప్రచురించారు. గ్రంథి దాటని ప్రొస్టేట్ క్యాన్సర్‌కు యూరాలజిస్టుల్లో నూటికి 93 మంది ఆపరేషనే అన్నారు. రేడియేషన్ డాక్టర్లలో 72 శాతం ఆపరేషన్, రేడియేషన్ రెండూ సమానమే అన్నారు. అదే జబ్బు, అవే పుస్తకాలు. కాబట్టి మీరు కలవాల్సింది ఇంకో సర్జన్‌ను కాదు, రేడియేషన్ ఆంకాలజిస్టును. మన వైపు "కరెంటు పెట్టడం" అంటారే, ఆ డాక్టరు. కరెంటు అనగానే జుట్టు ఊడుతుంది, వాంతులవుతాయి అని భయపడతారు. అవి కీమోలో ఉండే బాధలు. ప్రొస్టేట్‌కు కరెంటు పెడితే తల మీద వెంట్రుక కదలదు. ఇబ్బందులు మూత్రంలో, విరేచనంలో వస్తాయి.

ఈ రెండిట్లో ఏది మేలని తేల్చడానికి బ్రిటన్‌లో ఒక పెద్ద ప్రయత్నం జరిగింది, ప్రొటెక్ట్ అని. 50 నుంచి 69 ఏళ్ళ మధ్య ఉన్న 1,643 మందిని చీటీలు వేసినట్టు మూడు గుంపులు చేశారు: కొందరికి ఆపరేషన్, కొందరికి రేడియేషన్, కొందరికి నిఘా. 15 ఏళ్ళ తర్వాత, 2023లో ఫలితాలు చెప్పారు. ఏ గుంపులోనైనా ప్రొస్టేట్ క్యాన్సర్‌తో పోయినవాళ్ళు నూటికి ముగ్గురు, అటూ ఇటూగా. నిఘాలో ఉన్నవాళ్ళలో జబ్బు ఇతర చోట్లకు పాకడం నూటికి తొమ్మిది మందిలో కనిపిస్తే, ఆపరేషన్, రేడియేషన్ గుంపుల్లో ఐదుగురిలో. అంటే ప్రాణం దగ్గర ఈ రెండూ దాదాపు సమానం. ఒక్క మాట గుర్తుంచుకోండి, ఆ గుంపుల్లో చాలామందిది మీ నాన్నగారి కంటే తేలిక జబ్బు. అంచేత ఆ అంకెలను యథాతథంగా ఆయనకు అతికించకండి.

తేడా కనిపించేది రోజువారీ బతుకులో. ఆపరేషన్ అయినవాళ్ళలో ఆరు నెలలకు 46 శాతం మంది ప్యాడ్లు వాడుతున్నారు. ఆరేళ్ళకు అది 17 శాతానికి తగ్గింది. రేడియేషన్ వాళ్ళలో ఆరేళ్ళకు 4 శాతం. భార్యాభర్తల సంబంధం విషయంలో రెండు గుంపులూ దెబ్బతిన్నాయి, ఆపరేషన్ గుంపు ఎక్కువగా. రేడియేషన్ వాళ్ళలో కొందరికి విరేచనంలో రక్తం పడే ఇబ్బంది వచ్చింది, అది ఆపరేషన్ వాళ్ళకు దాదాపు లేదు. మీ నాన్నగారికి ఇంకో మెలిక ఉంది. ఆయనకు ఇప్పటికే మూత్రం ఇబ్బంది ఉంది. గ్రంథి పెద్దదై దారి బాగా మూసుకుపోయి ఉంటే కరెంటు పెట్టాక కొన్నాళ్ళు ఆ బాధ పెరగవచ్చు, ఆపరేషన్‌తో అది తీరవచ్చు. అందుకని ఆపరేషన్ వద్దనడం కూడా నా ఉద్దేశం కాదు. మీ సర్జన్ చెప్పిందే చివరికి సరి కావచ్చు. అటువైపు షుగర్ ఉంది. హార్మోన్ ఇంజెక్షన్లు పడితే షుగర్ పెరుగుతుంది, ఎముకలు పలచబడతాయి. ఇవన్నీ కలిపి తూచేవాళ్ళు కావాలి.

రోబో గురించి ఒక్క ముక్క. ఆపరేషన్ చేసేది రోబో కాదు, దాన్ని నడిపే సర్జన్. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో రోబో ఆపరేషన్‌ను, మామూలుగా కోసి చేసే ఆపరేషన్‌తో పోల్చి చూశారు. రోబోలో రక్తం తక్కువ పోయింది, కానీ రెండేళ్ళ తర్వాత మూత్రం అదుపులోనూ, లైంగిక సామర్థ్యంలోనూ తేడా తేలలేదు. కాబట్టి యంత్రం పేరు అడిగే బదులు, "ఏడాదికి ఇలాంటివి మీ చేత్తో ఎన్ని చేస్తారు సార్? మీ పేషెంట్లలో ఏడాదికల్లా ప్యాడ్ లేకుండా ఉన్నవాళ్ళు ఎంతమంది?" అని అడగండి. మంచి సర్జన్ ఈ ప్రశ్నకు నొచ్చుకోడు, అంకె చెబుతాడు. ప్రభుత్వ ఉద్యోగులకు, పెన్షనర్లకు ఇచ్చే ఈహెచ్‌ఎస్ ఆరోగ్య కార్డు నాన్నగారికి ఉంటే, దాని మీద ఏది వస్తుందో, రోబోకు చేతి నుంచి ఎంత పెట్టుకోవాలో కాగితం మీద రాయించుకోండి.

ఆపరేషన్ చేశాక అవసరమైతే రేడియేషన్ ఇవ్వొచ్చు, రేడియేషన్ తర్వాత ఆపరేషన్ కష్టం అని సర్జన్లు చెబుతారు. ఆ మాట నిజమే. కానీ ఆ రెండో వైద్యం ఎంతమందికి అవసరం పడుతుందో కూడా అడిగితేనే ఆ నిజం పూర్తవుతుంది.

మీ అన్నయ్య చెప్పిన ఐదు సిట్టింగులూ గాలి కబురు కాదు. 2024లో బ్రిటన్ వాళ్ళ ఆధ్వర్యంలో జరిగిన పేస్-బి అనే పరిశోధన ఫలితాలొచ్చాయి. నాలుగు నుంచి ఎనిమిది వారాల రేడియేషన్‌తో సమానంగా ఐదు సిట్టింగులు పనిచేశాయి, ఐదేళ్ళ వరకు చూస్తే. మూత్రం ఇబ్బందులు మాత్రం ఐదు సిట్టింగుల వాళ్ళలో కాస్త ఎక్కువ. ఇంకో సంగతి, అందులో 3+4 వరకే తీసుకున్నారు, 4+3 వాళ్ళను తీసుకోలేదు. తిరిగి తిరిగి ఆ స్లైడు దగ్గరకే వచ్చామా లేదా? అన్నయ్యకు ఇదే చెప్పండి. ఇరవై సిట్టింగుల పద్ధతి కూడా మన దగ్గర మామూలే, వారానికి ఐదు చొప్పున నాలుగు వారాలు. తెనాలి నుంచి గుంటూరుకో విజయవాడకో రోజూ వెళ్ళి రావచ్చు.

ఎక్కడికి వెళ్ళాలంటే, ఒకరు కాకుండా నలుగురు కూర్చుని ఒక కేసు మాట్లాడే చోటికి. ట్యూమర్ బోర్డు అంటారు. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి (జీజీహెచ్)లో నాట్కో మందుల కంపెనీ వాళ్ళు కట్టించిన క్యాన్సర్ బ్లాక్ మీకు దగ్గర. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి, నిమ్స్ ఉన్నాయి. విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ళ హోమీ భాభా ఆసుపత్రి ఉంది. ప్రయాణం కుదరకపోతే నవ్య అనే ఆన్‌లైన్ సేవ ద్వారా టాటా మెమోరియల్, నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ నిపుణుల అభిప్రాయం తెప్పించుకోవచ్చు. ప్రైవేటుగా వెళ్ళినా తప్పులేదు, రేడియేషన్ డాక్టరు, యూరాలజిస్టు ఒకే గదిలో కూర్చుంటారా అని అడిగి వెళ్ళండి. అంతకు మించి తిరగకండి. కంప్యూటర్ చిప్‌లు చేసే ఇంటెల్ కంపెనీకి అప్పట్లో అధిపతి అయిన ఆండీ గ్రోవ్ 1995లో ఈ జబ్బు వచ్చినప్పుడు పరిశోధన పత్రాలన్నీ తెప్పించుకుని, డాక్టర్ల చుట్టూ తిరిగి, గ్రాఫులు గీసుకుని రేడియేషన్‌ను ఎంచుకున్నాడు. మరుసటి ఏడాది ఫార్చ్యూన్ పత్రికలో ఆ కథంతా రాశాడు. బాగానే ఉంది కానీ మీకు ఆ తీరికా లేదు, ఆ అవసరమూ లేదు. స్లైడ్లు ఒకసారి, రేడియేషన్ డాక్టరు ఒకసారి, వీలైతే ఒక బోర్డు. ఐదో డాక్టరు దగ్గరకు వెళ్ళేవాళ్ళు సలహా కోసం వెళ్ళరు, తమకు నచ్చిన మాట ఎవరో ఒకరు అంటారని వెళతారు.

మేనమామ గారి పసరు గురించి: మర్యాదగా వద్దని చెప్పండి. ఇప్పటికే తాగించి ఉంటే ఆ సంగతి డాక్టరుకు దాచకండి.

ఇక నాన్న. ఆయన "మీరెలా అంటే అలాగే" అంటున్నారని రాశారు. దేని గురించి అంటున్నారమ్మా? గడ్డ గురించి. ప్యాడ్ కట్టుకుని ఓ ఏడాది బతకాలా, నాలుగు వారాలు రోజూ బస్సెక్కి వెళ్ళాలా అనేది మీరూ అన్నయ్యా ఫోన్లో తేల్చే విషయం కాదు. ఆ శరీరం ఆయనది. ఈ జబ్బులో రెండు మంచి దారులున్నప్పుడు వాటి మధ్య తేల్చేది ఆ మనిషి దేన్ని భరించగలడు, దేన్ని భరించలేడు అన్నదే. ఆ సంగతి ఏ స్లైడులోనూ కనిపించదు.

నా అనుమానం ఏమిటంటే ఆయనకు తెలుసు. ఇరిగేషన్‌లో జీవితమంతా పనుల కొలతలు రాసే ఎం.బుక్కులు, ఎస్టిమేట్లు చూసిన మనిషి. ఫైలు మీ చేతిలో ఉన్నా, వెయిటింగ్ హాల్లో గోడ మీద ఆంకాలజీ అని రాసి ఉంటుంది. గురువారం పొద్దున సంతకం పెట్టమని ఇచ్చే కాగితంలో ఆ మాట ఉంటుంది. మీకు కష్టంగా ఉంటుందని ఆయన తెలియనట్టు ఉంటున్నారేమో, ఆయనకు కష్టంగా ఉంటుందని మీరు చెప్పకుండా ఉంటున్నారు. అమ్మ మధ్యలో ఇద్దరినీ చూస్తూ ఉండి ఉంటుంది. ఒక రోజు పొద్దున కాఫీ తాగేటప్పుడు, చుట్టాలు ఎవరూ లేనప్పుడు, "నాన్నా, అది క్యాన్సర్. గ్రంథి దాటలేదు. రెండు మూడు మంచి వైద్యాలున్నాయి. ఏది కావాలో డాక్టర్లతో మాట్లాడి నువ్వే చెప్పాలి" అనండి. ఆ నాలుగు మాటలూ అదే వరసలో. తర్వాత ఆయన ఏం అడిగితే దానికే జవాబు చెప్పండి, అడగనిది పోయకండి.

ఇంకొకటి. రేడియేషన్ డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు ఓ పది నిమిషాలు మీరు బయటకు వచ్చేయండి. మూత్రం కారడం, భార్యాభర్తల విషయం కూతురి ముందు ఏ తండ్రీ మాట్లాడడు. అల్లుడి ముందు అయితే అంతకన్నా సిగ్గు. 68 ఏళ్ళకు ఇంకా అవేం విషయాలు అనుకోకండి, ఆయన అనుకుంటున్నారో లేదో మనకేం తెలుసు? అమ్మను లోపల ఉండమనాలా వద్దా అనేది ఆయన్నే అడగండి.

మీ రిపోర్టులు నేను కళ్ళతో చూడలేదు, కాబట్టి ఆపరేషనా రేడియేషనా అన్నదానికి నా ఓటు అడగకండి. కానీ ఈ రాత్రి ఒక పని చేయండి. ఆ మాత్రల స్ట్రిప్పు తిప్పి, వెనక చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి. డుటాస్టెరైడ్ అనో ఫినాస్టెరైడ్ అనో ఉంటే, ఏ నెల నుంచి వాడుతున్నారో ఒక చీటీ మీద రాసి ఎమ్మారై సీడీ కవరులో పెట్టండి. రేపు విజయవాడకు ఫోన్ చేసినప్పుడు డేట్ జరపమనే ముందు ఆ చీటీలో ఉన్నది చదివి వినిపించండి.